రెండు మూరల అంచు

క్షమించినానని పదిమంది ముందు చెప్పిన మనిషి, ఆ రోజు నుంచే ఎక్కువ అసూయపడడం ఎందుకు? సునంద గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న ఎదురవుతుంది. జవాబు మాత్రం ఇప్పటికీ దొరకలేదు.

ధర్మవరంలో సునంద, ఆమె మొగుడు నాగేశ్వర పట్టుచీరలు నేసేవాళ్ళు. రెండువైపులా పెద్ద అంచు పెట్టే చీరకు మగ్గం మీద ఒక్కరు చాలరు. నేసేవాడి పక్కన ఇంకొకరు కూర్చుని, అవతలి అంచు దారం మోసే నాడెను అందుకొని తిరిగి విసరాలి. ఎనిమిదేళ్ళుగా ఆ పక్క చోటు సునందది. తొలి కాన్పుకు ముదిగుబ్బలోని పుట్టింటికి పోయి, 2002లో ఐదు నెలల ఆడబిడ్డతో తిరిగి వచ్చింది.

"నువ్వు లేక మగ్గం నిలిపేసినా. బయట కూలికి పోయినా," అన్నాడు నాగేశ్వర.

మర్నాడు ఆమె మగ్గం దగ్గర కూర్చుని, తాను సగంలో వదిలి వెళ్ళిన చీరను చుట్ట విప్పి చూసుకుంది. ఆమె చేతిలో అంచు కలిసేచోట దారం కాస్త ఉబ్బుతుంది. ఆ ఉబ్బు ఒకచోట ఆగిపోయింది. అక్కడి నుంచి రెండు మూరలు, గీత గీసినట్టు నున్నగా ఉంది.

"ఈడ ఎవరు కూచున్నారప్పా?"

నాగేశ్వర లేచి వాకిట్లోకి పోయాడు. అత్త తిప్పమ్మ వంటింట్లోంచి చెప్పింది.

"వెనక సందు వనజాక్షిలే. నేను శెనిక్కాయ కూలికి పోతాంటి. ఆ పిల్ల రెండు నెల్లు దినామూ వచ్చి కూచుండె, పాపం."

రెండు మూరలు నేయడానికి మూడు రోజులు చాలు. ఆ పిల్ల వచ్చింది రెండు నెలలు. నేత తెలిసిన ఏ ఆడదానికైనా ఆ లెక్క చెప్పనక్కరలేదు.

ఆ ఆదివారం వాళ్ళు పోయే రేకుల ప్రార్థన మందిరంలో నాగేశ్వర అందరి ముందు ఏడ్చి, వనజాక్షితో తప్పు చేశానని ఒప్పుకున్నాడు. బాప్తిస్మం తీసుకున్నా పాత పేరు మార్చుకోని పాస్టరు ఓబుళేసు దావీదు రాజు సంగతి చెప్పాడు. పరాయివాని భార్యను తెచ్చుకున్న రాజు పశ్చాత్తాపపడ్డాడు, దేవుడు క్షమించాడు. అయినా వాళ్ళకు పుట్టిన బిడ్డ బతకలేదు, ఆ ఇంట్లో కొట్లాట ఆగలేదు.

సునంద ఒళ్ళో బిడ్డను గట్టిగా పట్టుకుంది. "తప్పు రాజుది. బిడ్డ ఏం చేసె అయ్యగారూ?"

"ఏమీ చేయలేదమ్మా. ఈ పాపం చేసినోని దగ్గరే నిలవదు. ఇంట్లో అందరి మీదా పడతాది. నువ్వు మనసు చేసుకుని క్షమిస్తే సంసారం నిలబడతాది."

"క్షమించినాను," అంది సునంద.

నిజంగానే అనుకుని అంది. మగ్గం పక్క చోటులో మళ్ళీ నెమ్మదిగా కూర్చోగలిగితే ఆ ఇంట్లో ఉండగలదు, లేకపోతే లేదు. కానీ కూర్చుంటే కళ్ళు ఆ రెండు మూరల మీదికే పోయేవి.

"ఆయమ్మ ఇట్లే ఇసురుతాండెనా?"

"గుర్తు లేదు."

"అంచు చూస్తే గుర్తు రాలేదా?"

"ఏమే, రోజూ ఇదేనా?"

"రోజూ వచ్చింది ఆయమ్మ. నేను రోజూ అడిగితే తప్పా?"

ఎవరికీ చెప్పుకోలేని సంగతి ఒకటుంది. మొగుడి మీద కంటే ఆ నునుపు మీద ఆమెకు ఎక్కువ మంట. వీధిలో వనజాక్షి ఎదురైతే మొహం చూసేది కాదు, వేళ్ళు చూసేది. తాను నేసింది విప్పేది, మళ్ళీ నేసేది. జానెడు నేసి బెత్తెడు విప్పేది. అట్లా నలభై రోజులు.

ఒక పొద్దున అంచు కుదిరింది. ఎక్కడా ఉబ్బు లేదు. నాగేశ్వర దాని మీద వేలు నడిపి చాలా రోజుల తరువాత నవ్వాడు.

"ఇప్పుడొచ్చింది సునందా. అచ్చం వన..."

అక్కడ ఆగిపోయాడు. ఆగకపోయినా బాగుండేదేమో.

సునంద లేచింది. బిడ్డకు పాలివ్వడానికి లేచిందనుకున్నాడు అతను. ఆమె ఉయ్యాల్లోంచి బిడ్డను తీసి భుజాన వేసుకుంది, రెండు చీరలు సంచిలో పెట్టుకుంది. బియ్యం చెరుగుతున్న తిప్పమ్మ తలెత్తి, "ఎండలో బిడ్డనెత్తుకుని యాడికే?" అంది. సునంద చెప్పులు వేసుకుని గడప దాటింది. ముదిగుబ్బ బస్సు కదులుతుంటే చెయ్యెత్తి ఆపి ఎక్కింది.