బీరువా కాలి కింద నల్ల ముక్క

మస్తాన్ నా కారులోంచి ఏమీ తియ్యలేదు. తీశాడని పదిమందిలో అన్నవాణ్ణి నేను. అతను తియ్యలేదని తొమ్మిదో రోజునే నాకు తెలిసింది. తెలిసీ ఇరవై ఆరేళ్ళు నోరు మూసుకుని కూర్చున్నాను.

సంగతి ఇంతే. మిగతాదంతా ఎలా జరిగిందో చెప్పడమే. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. తెలిసినవాళ్ళకు చెప్పే ధైర్యం ఉంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి. పేరు కూడా రాయడం లేదు. అందులో ఉన్న పిరికితనం నాకు కనపడుతూనే ఉంది.

నేను ఐదో తరగతితో బడి మానేసినవాణ్ణి. మిగిలిన చదువంతా నిఘంటువు పక్కన పెట్టుకుని నాకు నేను చెప్పుకున్నదే. కల్తీ విత్తనాలు అమ్మినవాడి మీద అర్జీ రాయాలన్నా, మిర్చి తూకంలో మోసం జరిగిందని పై అధికారులకు కాగితం పెట్టాలన్నా మా ఊరివాళ్ళు నా దగ్గరికే వచ్చేవారు. మోసం అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఇప్పటికీ మండుతుంది. "ఆయన ఊరికే అనడు" అని జనం నా గురించి చెప్పుకునేవాళ్ళు. ఆ మాట గుర్తుంచుకోండి. మస్తాన్‌ని పడగొట్టింది ఆ మాటే.

నాకొక పాతకాలపు కారు ఉండేది. గుండ్రటి బానెట్టు, లోపల సోఫాలాంటి సీట్లు. దానికున్న రోగం ఒకటే, పెట్రోలు పంపు. ట్యాంకులోంచి పెట్రోలు లాగి ఇంజనుకు అందించే చిన్న పంపు అది, ఇంజను పక్కకే బిగించి ఉంటుంది. చలికాలమంతా బుద్ధిగా పనిచేసేది. మార్చి దాటిందంటే వేడికి పంపులోనే పెట్రోలు ఆవిరయ్యేది. కారు దగ్గి, ఇంకోసారి దగ్గి, నడిరోడ్డు మీద ఆగిపోయేది. తడిగుడ్డ చుట్టి, పంపుకున్న చిన్న మీటను చేత్తో పదిసార్లు కొడితే ఇంకో రెండు మైళ్ళు. డిక్కీలో ఎప్పుడూ ఒక నీళ్ళ క్యాను, పాత పంచె ముక్క ఉండేవి.

మస్తాన్ జిన్నింగు మిల్లు పక్కన రేకుల షెడ్డులో మెకానిక్కు. నాకంటే పన్నెండేళ్ళు చిన్న. వాళ్ళ నాన్న పొలం, మా పొలం ఒకే గట్టు మీద. అందుకని నన్ను బాబాయ్ అనేవాడు. ఆ ఏప్రిల్లో పంపులో చిరిగిన రబ్బరు పొర మార్చి, "పంపు ఒళ్ళంతా అరిగిపోయింది బాబాయ్, ఇది ఎన్నాళ్ళో రాదు" అన్నాడు.

నాకు నచ్చలేదు. మర్నాడు నేనే పంపు విప్పాను. గుంటూరులో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఇంగ్లీషు మాన్యువల్ ఒకటి నా దగ్గరుంది. రెండేళ్ళు కూర్చుని మాట మాటకీ అర్థం రాసుకుని చదివాను దాన్ని. మస్తాన్‌కి చెయ్యడం తెలుసు గానీ ఎందుకు చేస్తున్నాడో తెలియదని నా నమ్మకం. పంపు భాగాలు కిరసనాయిల్లో కడిగి కిటికీలో ఆరబెట్టి, మళ్ళీ బిగించాను. కారు స్టార్టయింది. నా అంతవాడు లేడనుకున్నాను.

పంపుకీ ఇంజనుకీ మధ్య అగ్గిపెట్టెంత నల్ల బేకలైటు ముక్క ఒకటి ఉండాలి. ఇంజను వేడి పంపుకు పాకకుండా ఆపేది అదే. అది కిటికీలోనే ఉండిపోయింది. బిగించేటప్పుడు నాకు గుర్తే రాలేదు.

మూడో రోజున ఒంగోలు నుంచి మా బావమరిది, అతని వియ్యంకుడు వస్తే కారులో కోటప్పకొండ బయలుదేరదీశాను. నేను దేవుణ్ణి నమ్మను, ఆ రోజు కారును నమ్మాను. మిట్టమధ్యాహ్నం, పక్కన మిరపకాయలు ఆరబోసిన కల్లం, అక్కడ ఆగిపోయింది. తడిగుడ్డ పనిచెయ్యలేదు. మీట పనిచెయ్యలేదు. ఘాటుకి వియ్యంకుడు తుమ్ముతూనే ఉన్నాడు. బావమరిది మాత్రం నవ్వుతున్నాడు. "ఏం బావా, తోసుకుంటూ పోవడం నీ ఇంగ్లీషు పుస్తకంలో ఏ పేజీలో ఉంది?"

ట్రాక్టరుకు తాడు కట్టి కారును మస్తాన్ షెడ్డుకు లాక్కొచ్చాం. మిల్లుకు పత్తి తెచ్చిన రైతులు చుట్టూ మూగారు. మస్తాన్ పంపు విప్పి, అది కూర్చునే చోట వేలు పెట్టి తడిమి చూశాడు.

"బాబాయ్, ఇక్కడుండే ముక్క ఏది? మీరేమైనా విప్పారా?"

బావమరిది నా పక్కనే ఉన్నాడు.

"నేను చెయ్యే పెట్టలేదు."

"నేను బిగించినప్పుడు ఉంది కదా మరి."

"ఉంది. నువ్వే తీశావు. ఇంకెవడి బండికో వేసుంటావు."

"ఏంది బాబాయ్ ఆ మాట? అగ్గిపెట్టెంత ముక్క కోసం నేను..."

"అగ్గిపెట్టెంతదైనా దొంగతనం దొంగతనమేరా."

"అయితే రండి. దర్గాకి పోదాం. తియ్యలేదని నేను ప్రమాణం చేస్తా. పంపు ముట్టుకోలేదని మీరూ చెయ్యండి."

"ప్రమాణాలూ గిమాణాలూ నా దగ్గర కాదు. నాకు రుజువు కావాలి, రుజువు!"

ఎవరో నవ్వారు. "అదీ దెబ్బ బావా!" అన్నాడు బావమరిది. మస్తాన్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. తుడిచిన చేతినే మళ్ళీ మళ్ళీ తుడుచుకున్నాడు.

ముక్క సంగతి అప్పటికి నాకు తెలియదని ఇన్నేళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, ముక్క ఎక్కడుందో తెలియదు. కానీ పంపు విప్పింది నేనని తెలుసు కదా? ఆ ఒక్క మాట దాచితేనే కదా అతను దొంగయింది? దర్గాకి నేను పోనిది నిజంగా నమ్మకం లేకేనా, లేక అక్కడ నోరు పెగలదని భయపడా? హేతువాదినని ఊరంతా చెప్పుకు తిరిగినవాణ్ణి, ఆ రోజు హేతువాదం నాకు దాక్కోవడానికి ఒక చాటుగా పనికొచ్చింది. అంతకంటే నీచమైన వాడకం దానికి ఇంకొకటి ఉంటుందా?

ఆ మాట అన్న తొమ్మిదో రోజున మా ఇంట్లో బీరువా తలుపు తీస్తే ఊగలేదు. ఎప్పుడూ ఊగే బీరువా అది. వంగి చూశాను. కాలి కింద నల్ల ముక్క. "కిటికీలో ఊరికే పడుంటే పెట్టాను, కావాలా?" అంది మా ఆవిడ. అక్కర్లేదన్నాను.

అడిగిన రుజువు నా ఇంట్లోనే ఉంది. దాని మీద బీరువా నిలబడి ఉంది.

ఆ వేళే షెడ్డుకు నడిచి వెళ్ళి ఉంటే? పది నిమిషాల దూరం. వెళ్ళలేదు సరికదా, విజయవాడ నుంచి కొత్త ముక్క తెప్పించి, "చూడండి, వాడి పుణ్యాన కొనాల్సొచ్చింది" అని టీకొట్టు దగ్గర అందరికీ చూపించాను. మొదటిది పరువు కోసం నోరు జారడం అనుకోండి. ఇదేమిటి? ఆ కొత్త ముక్క వేసినా పంపు వేసవి వేసవికీ ఆగుతూనే వచ్చింది. మస్తాన్ చెప్పినట్టు దాని ఒళ్ళే అరిగిపోయింది.

ఆయన ఊరికే అనడు కదా. షెడ్డుకు బళ్ళు తేవడం ఒకరు మానేశారు, ఇద్దరు మానేశారు. దీపావళి నాటికి షెడ్డు మూతపడింది. మస్తాన్ పెళ్ళాం పిల్లలతో చీమకుర్తి వెళ్ళి గ్రానైటు క్వారీల్లో కంప్రెసర్లు బాగుచేసే పనిలో చేరాడని విన్నాను. ఆ మోతకు ఎడమ చెవి పోయిందని తర్వాతెప్పుడో విన్నాను. విన్న ప్రతిసారీ "అయ్యో" అన్నాను, అందరితో పాటు.

ఇంటికి సున్నం వేసిన ప్రతిసారీ బీరువా జరిపేవాళ్ళు. పని అయ్యాక ఆ ముక్కను నేనే, నా చేత్తో, మళ్ళీ దాని కిందకు తోసేవాణ్ణి.

పోయినేడు మంగళగిరి నుంచి పాత కార్లంటే మోజున్న ఒకాయన వచ్చి కారు కొనుక్కున్నాడు. పంపు చూసి, "దీని అసలు ముక్క ఉందాండి? ఉంటే బాగుండేది" అన్నాడు. లేదన్నాను. ఆయనకు మస్తాన్ ఎవరో తెలియదు. నన్ను ఎగతాళి చేసే బావమరిది పోయి ఆరేళ్ళయింది. ఇంక ఎవరి కోసం చెప్పాను ఆ అబద్ధం? అలవాటు. అబద్ధం నాకు అలవాటైపోయింది. కల్తీగాళ్ళ మీద అర్జీలు రాసిన చేతికి.

బీరువా కింద నుంచి ముక్క తీశాను. ఉన్నదున్నట్టు, టీకొట్టు సంగతితో సహా, నాలుగు పేజీలు రాసి, ముక్కను కూడా పొట్లం కట్టి, అడ్రసు కనుక్కుని చీమకుర్తికి పంపాను. క్షమించమని అడగలేదు. అడిగే మొహం లేదు. కానీ లోపల ఏదో ఒక మూల ఆశపడ్డాను, ఇప్పుడు దాచడం ఎందుకు?

ఇరవై రోజులకు పొట్లం తిరిగొచ్చింది. లోపల ముక్క, రూళ్ళ కాగితం మీద ఆడపిల్ల చేతిరాత. అది వచ్చాకే మీకు ఇదంతా రాయాలనిపించింది. రాశాను. బరువు దిగిందని అనను. కానీ ఇరవై ఆరేళ్ళ తర్వాత ఇవాళ నిజం ఒకటి పదిమందీ చదివేలా నా చేత్తో రాశాను, ఆ మాత్రం ఊపిరి ఆడుతోంది. ఉత్తరం ఇదీ:

"అయ్యా, మీ ఉత్తరం మా అమ్మాయి నా కుడి చెవి దగ్గర గట్టిగా చదివింది. ఇంట్లో అందరూ విన్నారు. నేను తియ్యలేదని నాకు ఎప్పుడూ తెలుసు. మీకూ తెలుసని మాత్రం ఇప్పుడే తెలిసింది. పెద్దాయన, పొరపాటు పడ్డాడులే అనుకుని ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు, ఇంట్లోవాళ్ళని అననివ్వలేదు. ముక్క తిరిగి పంపుతున్నాను. నాకు దీంతో పని లేదు. మీ బీరువా ఊగుతుంటుంది, పెట్టుకోండి. మస్తాన్."