గంగమణి పుట్టిల్లు ఎక్కడ?

2005 ఎండాకాలం. బోధన్ బస్టాండ్ దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటర్ నేను చూసుకునేదాన్ని. అంతకుముందు బీడీలు చుట్టాను. నాకు అక్షరాలు ముప్పై ఏళ్లు దాటాక రాత్రిబడిలో వచ్చాయి. నిజామాబాద్‌లో కంప్యూటర్లు నేర్పేచోట ఊడ్చే పనికి చేరి, అక్కడే కీబోర్డు పట్టాను. వైరస్‌ల బాధ పడలేక మా యజమాని కంప్యూటర్లన్నిటిలో, అవి అంత తేలిగ్గా పట్టని లినక్స్ వ్యవస్థ వేయించాడు. వైరస్‌లు పోయాయి. ఇక భయం లేదనుకున్నాం.

మా దగ్గర ఒక అలవాటు ఉండేది. టైపు రానివాళ్లు పాస్‌వర్డ్ పైకి చెప్పేవారు, నేను కొట్టేదాన్ని. ఊరికి పోతే పక్కింట్లో తాళంచెవి ఇచ్చిపోయే మనుషులం, దాస్తే అనుమానించినట్టు. కంప్యూటర్లకూ ఒకటే యూజర్ అకౌంట్. అంటే ఎవరు కూర్చున్నా ఒకే పేరుతో లోపలికి పోవడమే.

గంగమణి బీడీలు చుట్టేది. భర్త సాయిలు దుబాయి పోయాడు. ఆమె వచ్చి నా బల్ల మీది కంప్యూటర్ ముందే కూర్చునేది, "సాయిలు ఒకటి రెండు మూడు" అని సెంటరంతా వినబడేలా పాస్‌వర్డ్ చెప్పేది. ఆ రోజు మెయిల్ పెట్టె ఖాళీగా ఉంది.

"మల్ల సూడక్కా. ఆయన పంపిన అంటుండు."

"ఫోన్ల ఏమన్నడు?"

"డ్రైవర్ పని అని తోలిచ్చి రాళ్లు మోపిస్తుండ్రట. పాస్‌పోర్టు గుంజుకున్నరట. ఇంట్ల ఉన్న అగ్రిమెంటు కాయితం పంపితే ఎంబసీల సూపెట్టి ఇంటికొస్త అన్నడు. ఏడికి పంపాల్నో మెయిల్ల రాసిండట. గంతల ఫోన్ కట్టయింది."

"ఈ మెయిల్ ఎవరు తెరిచిచ్చిండ్రు?"

"ఇంకెవరు, ఆయనను తోలిచ్చిన ఏజెంటే."

ఆ ఏజెంటు మా సెంటర్‌కూ వచ్చేవాడు. ఎప్పుడూ మూల కంప్యూటరే. లేచిపోయి ఆ కంప్యూటర్‌లో మెయిల్ పేజీ తెరిచి, గంగమణి పేరులోని మొదటి అక్షరం కొట్టాను. బ్రౌజర్ మిగతా పేరంతా తానే నింపింది. ఒకసారి అక్కడ కొట్టిన పేరును అది గుర్తు పెట్టుకుంటుంది. గంగమణి ఆ కుర్చీలో ఎన్నడూ కూర్చోలేదు. అంటే సాయిలు మెయిల్‌ను ఏజెంటే తెరిచి తీసేస్తున్నాడన్నమాట.

విషయం చెప్పగానే ఆమె లేచింది. "గిప్పుడే పోయి వాని అంగీ పడ్త!"

"పడితే కాయితం దుబాయి పోతదా? ముందుగాల తాళం మార్చు."

కొడుకు ఒకటో తరగతి పుస్తకంలో ఇంగ్లిష్ అక్షరాలు ఆమె అప్పటికే నేర్చుకుంది. "నువ్వొక్కదానివే అనుకునే మాట ఒకటి తలుసుకో, పొడుగ్గ ఉండాలె. ఒక్కో పదానికి మొదటి అక్షరం నొక్కు. పైకి అనకు" అని చెప్పి గోడ వైపు తిరిగాను.

"గోడకేం సూస్తున్నవక్కా?"

"నాకు గూడ తెల్వద్దు."

"నీ మీద నాకేం అనుమానం?"

"అనుమానం కాదు. కొట్టు."

సాయిలు మళ్లీ ఫోన్ చేసినప్పుడు మెయిల్ ఇంకోసారి పంపమని చెప్పింది. మర్నాడు వచ్చి పాస్‌వర్డ్ కొడితే తప్పు అంది కంప్యూటర్. మళ్లీ కొట్టింది. తప్పే. ఏజెంటు దాన్ని మార్చేశాడు. ఎట్లా మార్చాడో తెలియక ఆ పేజీ అంతా ఓపికగా కూడబలుక్కుని చదివాను. పాస్‌వర్డ్ మరిచినవాళ్లకు అడిగే రహస్య ప్రశ్న అక్కడ కనబడింది. మెయిల్ తెరిచిన నాడు ఏజెంటే పెట్టిన ప్రశ్న: నీ పుట్టిల్లు ఏ ఊరు?

గంగమణి నవ్వింది. ఏడుపులాంటి నవ్వు. "రుద్రూర్ అని మా వాడల కుక్కలకు గూడ ఎర్కే!"

మేమూ అదే దారిన పోయాం. రుద్రూర్ అని కొడితే తలుపు తెరుచుకుంది. సాయిలు మెయిల్ ఇంకా అందులోనే ఉంది.

"ముందుగాల పాస్‌వర్డ్ మార్చు. అటెన్క ఈ జవాబు మార్చు. పుట్టిల్లు ఇంకేదన్న రాయి."

"అబద్ధం రాయాల్నా? మా అవ్వగారి ఊరు గదా!"

"కంప్యూటర్ నిన్ను పుట్టింటికి తోల్కపోతదా? రాయి."

నేను మళ్లీ గోడ వైపు తిరిగాను. ఈసారి ఆమె కీబోర్డు ముందుకు లాక్కుని కొట్టడం మొదలుపెట్టింది. ఫోటో స్టూడియోలో అగ్రిమెంటు స్కాన్ చేయించి ఆ రోజే పంపాం.

తర్వాత సెంటర్ పద్ధతి మార్చాను. రోజూ వచ్చేవాళ్లకు వేరువేరు యూజర్ అకౌంట్లు తెరిచాను. వాళ్ల ఫైళ్లుండే హోమ్ ఫోల్డర్లకు chmod 700 పెట్టాను. అది ఆ ఫోల్డర్‌ను సొంతదారుకు తప్ప మిగతా యూజర్లకు తెరుచుకోకుండా చేసే కమాండు. బ్రౌజర్ పేర్లు, పాస్‌వర్డ్‌లు గుర్తుంచుకోకుండా చేశాను. పాస్‌వర్డ్ పైకి చెబితే నేను కొట్టనన్నాను. "చదువొచ్చి గర్వమొచ్చింది" అన్నవాళ్లున్నారు. అననిచ్చాను.

చెరుకు నరికే రోజుల్లో సాయిలు తిరిగొచ్చాడు. ఒకనాడు మూల కంప్యూటర్ ముందు కూర్చుని నన్ను పిలిచాడు.

"అక్కా, మా దాని మెయిల్ తెరుద్దామంటే పాస్‌వర్డ్ చెప్తలేదు. పుట్టిల్లు అడిగితే రుద్రూర్ అని కొట్టిన. తప్పంటున్నది! గిదేం కంప్యూటర్?"

పక్కనే ఉన్న గంగమణి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. "సక్కగనే చెప్పింది. కావాల్నంటే నన్నడుగు, నేను తెరిచి సూపెడ్త."

సాయిలు నా వైపు చూశాడు. నాకూ తెలియదని చెప్పాను. అది నిజం. ఇంటి గుట్టును కాపాడటానికి మంచి తాళం ఎంత అవసరమో, తాళాన్ని కాపాడటానికి ఒక్కోసారి అబద్ధమూ అంతే అవసరమని ఆ మెయిల్ పెట్టె దగ్గరే నేర్చుకున్నాను. ఇప్పటికీ ఎవరు పాస్‌వర్డ్ కొడుతున్నా నా మెడ దానంతటదే గోడ వైపు తిరుగుతుంది.