గోనెపట్టా తీసేసిన గేటు

కెమెరాలు పెడదామన్నది నేనే. ఎందుకు పెట్టాలనే దగ్గర మాత్రం మా అన్నయ్యది ఒక దారి, నాది ఒక దారి. వాడికి దొంగ దొరకాలి. నాకు మా చిన్నాన్న దొంగ కాదని తేలాలి.

చిన్నాన్న అంటే రక్తసంబంధం ఏమీ లేదు. హౌరా పక్కన షాలిమార్‌లో మా జీడిపప్పు గోడౌనుకి కాపలా మనిషి. మా నాన్నతో పాటు శ్రీకాకుళం నుంచి రైలెక్కి వచ్చి, ఆయనతో పాటే గూడ్సు యార్డులో బస్తాలు మోసి, నాన్న సొంత వ్యాపారం పెట్టుకోగానే ఆయన వెనకాలే వచ్చేశాడు. గోడౌను పెరట్లో మూలగదిలో ఆయనా చిన్నమ్మా ఉండేవారు. నాన్న పోయాక వ్యాపారం అన్నయ్యా నేనూ చూసుకుంటున్నాం. మేమిద్దరం నదికి అటువైపు, దక్షిణ కలకత్తాలో ఫ్లాటులో పెరిగినవాళ్లం. షాలిమార్‌కి పొద్దెక్కాక వచ్చి దీపాలు పెట్టే వేళకి వెళ్లిపోయేవాళ్లం.

ఎర్రజెండాల ప్రభుత్వం ఇంకెన్నాళ్లు ఉంటుందోనని టీకొట్ల దగ్గర జనం పైకే అనుకోవడం మొదలుపెట్టిన రోజులవి. పలాస నుంచి వచ్చిన పప్పు డబ్బాలు, వ్యానుకెక్కించడానికి వెనక రేకుల వసారాలో పేర్చి ఉంచేవాళ్లం. వాటిలోంచి ఉండుండి ఒక డబ్బా మాయమయ్యేది. తాళం పగలదు, గేటు విరగదు, ఎవరూ ఏమీ చూడరు.

"రాత్రీ పగలూ అక్కడే కూర్చునే మనిషికి తెలీకుండా ఎలా పోతాయే?" అన్నాడు అన్నయ్య.

"ఆయన్ని అనడానికి నీకు నోరెలా వచ్చింది?" అన్నాను. నాకు ఒళ్లు మండిపోయింది. వాడు నడక నేర్చుకున్నది ఆయన వేలు పట్టుకునే.

అన్నయ్య మంచివాడు కాదని కాదు. నష్టం కళ్ల ముందు కనిపిస్తుంటే ఎవరిమీదో ఒకరిమీద అనుమానం పెట్టుకోకుండా ఉండలేడు, అంతే. ఈసారి డబ్బా పోతే చిన్నాన్నని పంపించేస్తానని తెగేసి చెప్పాడు. పంపిస్తే ఉద్యోగంతో పాటు గదీ పోతుంది. దొంగ అనిపించుకుని ఆ వయసులో ఊరికి ఏ మొహంతో వెళ్తాడు? అందుకే కెమెరాల మాట ఎత్తాను.

చాందినీ మార్కెట్లో కొట్టతను మొదట ఒక చవక కెమెరా చూపించాడు. తెర మీద కొట్టు ముందు నడుస్తున్న జనం కనిపించారు గానీ అందరివీ పిండిముద్ద మొహాలే. "మనిషి కనిపిస్తే చాలదు దాదా, మొహం తెలియాలి," అన్నాను. అప్పుడు లోపల్నుంచి నెట్‌వర్కు కేబులుతో నడిచే ఐపీ కెమెరాలు తీశాడు. బొమ్మ నేరుగా కంప్యూటరుకే వస్తుంది, చీకట్లోనూ మొహం ఆనవాలు పట్టొచ్చు. వానకి తట్టుకునేవి కావాలన్నాను. మామూలువి కొని పైన రేకు గొడుగు కట్టుకుందామన్నాడు అన్నయ్య. వేసవిలో ఇక్కడ విరుచుకుపడే కాలబైశాఖి గాలి ఒక్కటి వస్తే ఆ గొడుగు హౌరా స్టేషను దగ్గర వెతుక్కోవాల్సి వస్తుందన్నాను. కొట్టతను నవ్వాడు. అన్నయ్య నవ్వలేదు.

బిగించడానికి మనిషి మధ్యాహ్నం వచ్చాడు. ఒక కెమెరా వసారా మూలన, డబ్బాలూ చిన్నాన్న కూర్చునే స్టూలూ కనిపించేలా. రెండోది గోడౌను వెనకగోడ మీద, పెరటి ఇనుప ఊచల గేటూ ప్రహరీగోడా కనిపించేలా. వసారాలో ఒంటి వేడిని పసిగట్టి హారను మోగించే సెన్సరు కూడా పెట్టించాం. అది మొదట్లో మా ప్రాణం తీసింది. ఎండకి కాలిన రేకుని చూసి మోగింది, పిల్లి వస్తే మోగింది. దాన్ని ఎండ తగలని వైపు తిప్పి, పిల్లి కంటబడకుండా పైకి జరిపి, ప్రహరీ పక్కన డబ్బాల పేర్పు ఒకటి దాని చూపుకి అందకపోయినా ఇక చాలనుకున్నాం.

గేటు అవతల సందు ఉంది. యార్డులోనూ డాకుల్లోనూ పనిచేసే మన తెలుగువాళ్ల గదులు వరసగా ఉంటాయి. గేటుకి ఎదురుగా మునిసిపాలిటీ కొళాయి. కెమెరా పెట్టిన మధ్యాహ్నం ఆ కొళాయిలో నీళ్లు లేవు. దాని గట్టు మీద ఒక మేక పడుకుని ఉంది, అంతే.

ఆ గేటుకి లోపలివైపు ఒక గోనెపట్టా వేలాడేది. నాన్న కట్టింది. చిన్నాన్న దాన్ని పగలు చుట్టి పైకి కట్టేసేవాడు, తెల్లారగట్ల దింపేవాడు. ఆ పట్టా గాలికి ఊగినప్పుడల్లా కెమెరా అదేదో మనిషి కదలికనుకుని కంప్యూటరుకి హెచ్చరిక పంపేది. నాలుగు పొద్దులు చూసి అన్నయ్య దాన్ని కోసి పారేయమన్నాడు.

"అదుండనీ బాబూ. మీ నాన కట్టినాడు," అన్నాడు చిన్నాన్న.

"నాన్న కట్టినవన్నీ దాచుకుంటూ పోతే ఇది మ్యూజియం అవుతుంది చిన్నాన్నా."

ఆయన ఇంకేదో అనబోయి ఆగిపోయాడు. గోనెపట్టా కోసం ఇంత పేచీ ఏమిటని నేనూ పట్టించుకోలేదు.

ఆ తరవాత ఒక పొద్దున వచ్చేసరికి డబ్బా పోయింది. అన్నయ్యా నేనూ కంప్యూటరు ముందు కూర్చున్నాం. వసారా కెమెరా తీసిన బొమ్మ పెట్టాను. ఇంకా పూర్తిగా తెల్లవారలేదు. చిన్నాన్న స్టూలు మీద గేటు వైపు చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి లేచి, స్టూలు అటు తిప్పి, గోడౌను గోడకేసి మొహం పెట్టి తల వంచుకుని కూర్చున్నాడు. డబ్బాలు ఆయన వీపు వెనకాల ఉన్నాయి. ప్రహరీగోడ మీంచి ఒక చెయ్యి కిందికి వచ్చింది. ఒక డబ్బా పైకి లేచి మాయమైంది. చిన్నాన్న తిరిగి చూడలేదు.

బొమ్మ వెనక్కి తిప్పి ఇంకోసారి చూశాను.

"చాలా? దొంగకి దారిచ్చి వీపు తిప్పి కూర్చున్నాడు," అన్నాడు అన్నయ్య. ముందురోజు బొమ్మ పెట్టాడు. అందులో దొంగ లేడు గానీ చిన్నాన్న అప్పుడూ అలాగే గోడకి తిరిగి కూర్చున్నాడు. ఎవరిని కాపాడదామని ఆ కెమెరాలు తెచ్చానో ఆయన పీకల మీదికే తెచ్చాయి.

అన్నయ్య ఆయన్ని పిలిచి అడిగాడు. "తెల్లారగట్ల అటు తిరిగి ఎందుకు కూర్చుంటున్నావు?"

చిన్నాన్న నా వైపు చూశాడు, గేటు వైపు చూశాడు. "ఊరికే బాబూ," అన్నాడు.

"ఊరికేనా?"

మా పాడాలో, అంటే పేటలో, ఏ తగాదా వచ్చినా పోలీసులకన్నా ముందు పంచాయితీ చేసే క్లబ్బువాళ్ల దగ్గరికి పోవాలి. వాళ్లని పిలుచుకొస్తానని అన్నయ్య చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. వాళ్లు వచ్చి ఆ బొమ్మ చూశారంటే మధ్యాహ్నానికల్లా సందంతా చిన్నాన్న దొంగ అంటుంది. ఆ తరవాత ఎవరు కాదన్నా లాభం లేదు.

చెయ్యి ఎవరిదో రెండో కెమెరాలోనైనా తెలుస్తుందేమోనని అది పెట్టాను.

గోనెపట్టా లేని గేటు ఊచల్లోంచి కొళాయి కనిపించింది. కొళాయి దగ్గర ఆడవాళ్లు స్నానాలు చేస్తున్నారు. తడి చీరలు ఒంటికి అతుక్కుని, ఒకామె జుట్టు విప్పుకుని చెంబుతో పోసుకుంటోంది, ఒకామె వీపు రుద్దించుకుంటోంది. వాళ్లకి అంత దగ్గర్లో, ప్రహరీ మీద బోర్లా పడుకుని డబ్బా లాగుతున్నాడు మా వ్యాను డ్రైవరు. మొహం స్పష్టంగా ఉంది. అన్నయ్య నెత్తిన పెట్టుకున్న మనిషి, ఆ సందులోనే పుట్టి పెరిగినవాడు. ఆడవాళ్లు వాణ్ని చూశారు. అందరూ ఒక్కసారిగా ముడుచుకుపోయి అటు తిరిగిపోయారు. ఒక్కరూ నోరు విప్పలేదు.

తెర ఆపేశాను. మొహం తెలియాలని ఏరికోరి కొన్న కెమెరా అందరి మొహాలూ పట్టింది. చిన్నాన్న తప్పులేదని చూపించాలంటే ఆ బొమ్మే చూపించాలి. నాకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆఫీసుకి తాళం వేసి పెరట్లోకి పరిగెత్తాను.

"చిన్నాన్నా, కెమెరాలో కొళాయి కనిపిస్తోంది," అన్నాను.

ఆయన మొహం నల్లబడిపోయింది. "తీసేయమ్మీ దాన్ని."

"అందులో దొంగ ఉన్నాడు. అది చూపిస్తే నీ మీద మాట పోతుంది."

"నా మీద ఉండనీ." ఆయన గొంతు పెద్దదవడం నేను వినడం అదే మొదటిసారి. "ఆడకూతుర్ల తానాలు కిలబ్బు కుర్రోల్లకి సూపిస్తావేటి? నన్ను దొంగనే అనుకోనీ, ఎల్లిపోతాను."

అప్పుడు చెప్పాడు. కొళాయికి నీళ్లొచ్చేది తెల్లారగట్లే. ఆ వేళ ఆడవాళ్లది. ఆ సందులో ఏ మగవాడూ తలుపు తియ్యడు. అందరి తానాలూ అయ్యాక, సందులోకెల్లా పెద్దావిడ చెంబుతో బిందె మీద కొడుతుంది. ఆ చప్పుడు విన్నాకే మగవాళ్లు బయటికొస్తారు. మా నాన్న ఆ సందులో ఉన్నప్పటి నుంచీ అంతేనట. గోడౌను కట్టుకున్నాక ఆయన గేటుకి పట్టా కట్టింది కూడా అందుకే. "కాపలోడినని కల్లిప్పుకోని కూకుంటానేటి? పట్టా నేదు, నానే తిరిగి కూకున్నాను."

"మరి అన్నయ్య అడిగినప్పుడు ఆ మాట చెప్పకపోయావా?"

"ఆడోల్ల తానాల మాట ఆపీసులో నిలబడి సెప్పాలేటమ్మీ," అన్నాడు.

గేటు తీసుకుని సందులోకి వెళ్లాను. బిందె మీద కొట్టే పెద్దమ్మ గుమ్మంలో కత్తిపీట ముందు చేపలు కోస్తోంది. పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆవిడ చెయ్యి ఆగింది.

"మమ్మల్ని తీసిందా నీ పెట్టి?"

"తీసింది పెద్దమ్మా."

"ఎవులు సూసినారు?"

"నేనొక్కదాన్నే."

ఆవిడ మళ్లీ చేప కొయ్యడం మొదలుపెట్టింది. తిడితే బాగుండునని కూర్చున్నాను. చివరికి నేనే అడిగాను, వాణ్ని చూసి కేక ఎందుకు వెయ్యలేదని.

"కేకేస్తే ఏటౌతాది? మగోల్లందరూ ఉరుక్కోనొస్తారు. మేమా, తడి గుడ్డల్తో ఉన్నాం. ఆ సచ్చినోడికి అది తెలుసు, అందుకే ఆ ఏలకి ఎక్కినాడు."

"తరవాతైనా ఇంట్లో చెప్పాల్సింది కదా."

"సెప్తే మా ఇంటోడు కత్తట్టుకోని ఎల్తాడు. జైలుకి ఎవులెల్తారు, ఆడా మా ఇంటోడా?"

"ఇప్పుడు చిన్నాన్నని దొంగంటున్నారు పెద్దమ్మా. క్లబ్బువాళ్లు వస్తున్నారు."

ఆవిడ లేచి చేతులు కడుక్కుంది. పక్క గుమ్మాల్లోంచి ఇద్దర్ని పిలిచింది. నలుగురం గేటులోంచి వచ్చేసరికి అన్నయ్య క్లబ్బువాళ్లిద్దర్ని వెంటబెట్టుకుని ఆఫీసు దగ్గరికి వచ్చేశాడు. నేను ముందుగా తాళం తీసి, ఆడవాళ్లనీ చిన్నాన్ననీ అన్నయ్యనీ లోపలికి పంపి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. కెమెరాలో అంతా ఉందట కదా, చూద్దాం అన్నాడు ఇద్దరిలో పెద్దతను, నా భుజం మీంచి కంప్యూటరు వైపు తొంగిచూస్తూ. ఇది మా ఇంటి విషయం దాదా, కాసేపు బయట కూర్చోండి అన్నాను. పిలిపించి గుమ్మంలో నిలబెడతారా అని అతను గొంతు పెంచాడు. గొంతు పెంచితే నేను తగ్గే రకం కాదు. తలుపు మూసి లోపల గడియ పెట్టాను.

పెద్దమ్మ అన్నయ్య ముందు నిలబడి, కొంగు భుజం చుట్టూ కప్పుకుని చెప్పింది. గోడ ఎక్కింది వ్యాను డ్రైవరని, మేం ముగ్గురం చూశామని, కాపలా మనిషి తిరిగి కూర్చున్నది మా కోసమని. అన్నయ్య మొహంలో రంగులు మారాయి. అయినా వాడు వాడే.

"నమ్మనని కాదు పెద్దమ్మా. డ్రైవరు కాదంటే? బయటివాళ్లకి ఏం చూపించను? బొమ్మ ఉందిగా, ఒక్కసారి..."

"నా నోరు సాలదేటి బాబూ? ఆ పెట్టి సెప్తేనే నిజమా?"

అన్నయ్య కుర్చీలో కూలబడ్డాడు. బయట తలుపు దబదబా బాదుతున్నారు. వాడు కాసేపు చిన్నాన్న వైపు చూశాడు. లేచి వెళ్లి తలుపు సందు చేసి, పొరపాటు పడ్డాను, మా మనిషిది ఏ తప్పూ లేదు, వెళ్లిరండి అన్నాడు. వాళ్లు ఏవో సణుక్కుంటూ వెళ్లిపోయారు. వెనక్కి వచ్చి, "ఆ బొమ్మ తుడిచేయాలంటావు. తుడిచేస్తే మన దగ్గర ఋజువుండదు," అన్నాడు నాతో నెమ్మదిగా.

"ఆ ఋజువు వద్దు," అన్నాను.

ఋజువు అక్కర్లేకపోయింది కూడా. మర్నాడు వ్యాను తాళాలు ఇచ్చి వెళ్లమంటే ఆ డ్రైవరు ఎందుకని ఒక్క మాట అడగలేదు. గేటుకి కొత్త గోనెపట్టా అన్నయ్యే దగ్గరుండి కట్టించాడు. రెండో కెమెరాని ఇంకో గోడకి తిప్పించాం. అవన్నీ తరవాతి సంగతులు.

ఆ పూట పెద్దమ్మ నా కుర్చీ పక్కన నిలబడింది. "తుడిచెయ్. నా కల్లముందే తుడిచెయ్," అంది. ఏది తుడవాలో తెలియాలంటే బొమ్మ పెట్టక తప్పదు. నా చెయ్యి మీట మీదికి వెళ్లగానే, ఎవరూ చెప్పకుండానే చిన్నాన్న గోడకేసి తిరిగి తల వంచుకున్నాడు. అన్నయ్య ఆయన వీపు వైపు చూస్తూ ఉండిపోయాడు. తరవాత వెళ్లి ఆయన పక్కన, ఆయనలాగే గోడకేసి తిరిగి నిలబడ్డాడు.

నేను ఒక్కో రోజుదీ తుడిచేస్తూ వెళ్లాను. పెద్దమ్మ చివరిదాకా చూసింది. ఇంకేం మిగల్లేదని నా నోటితో చెప్పించుకుంది. అప్పుడు బల్ల మీదున్న మంచినీళ్ల గ్లాసు తీసుకుని, కొళాయి దగ్గర బిందె మీద కొట్టినట్టే బల్ల మీద కొట్టింది. మగవాళ్లిద్దరూ ఇటు తిరిగారు.