చోడవరంలో అకరా

వైజాగ్‌లో తనతో చదివే నైజీరియా అమ్మాయి బిసిని మా అమ్మాయి ఈ రోజు చోడవరం తీసుకొచ్చింది. సాయంత్రం ముగ్గురం సత్యవతి బండి దగ్గర వేడివేడి బొబ్బర్ల వడలు తిన్నాం. మొదటి ముక్కకే బిసి కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయింది.

"ఏటమ్మా, కారం ఎక్కువైపోనాదా?" అని సత్యవతి కంగారుపడింది.

"కాదు, ఇది మా అకరా," అంది బిసి వచ్చీరాని తెలుగులో. వాళ్ళ వీధిలో పొద్దున్నే బొబ్బర్లు రుబ్బి ఇలాగే వేస్తారట. బ్రెడ్డులో పెట్టుకుని తింటూ బడికి వెళ్ళేదట. ఇల్లు చూసి రెండేళ్ళయిందట.

సత్యవతి పక్క కొట్టుకెళ్ళి బన్ను తెచ్చి, అందులో వడ పెట్టి ఇచ్చింది. "తినవే తల్లీ. ఇదీ మీ ఊరే అనుకో."

బిసి బన్ను కొరికి, మళ్ళీ కళ్ళు మూసుకుని నవ్వింది.

ఇన్నేళ్ళుగా తింటున్నా ఆ వడలు నన్నెప్పుడూ ఆ బండి దాటించి ఎక్కడికీ తీసుకెళ్ళలేదు. మిమ్మల్ని ఇలా ఇంటికి చేర్చిన తిండి ఏదైనా ఉందా?