ఖాళీగా వచ్చే గడి

మొన్న మా ల్యాబుకి ఒక ఆవకాయ సీసా వచ్చింది. మూత తిప్పగానే ఫార్మలిన్ ఘాటు కళ్లలోకి కొట్టింది. దాని అడుగున ఎక్కడో నువ్వుల నూనె, ఆవపిండి వాసన. లోపల, పరీక్ష కోసం పంపిన ముప్పై నాలుగేళ్ల మనిషి గర్భసంచి. సీసా కడిగే ఓపిక కూడా లేకపోయింది ఆ నర్సింగ్ హోమ్ వాళ్లకి. రబ్బరు బ్యాండుతో చుట్టిన ఫారం విప్పాను. పేరు, వయసు, డాక్టరు సంతకం అన్నీ ఉన్నాయి. చివరి నెలసరి తేదీ రాయాల్సిన గడి మాత్రం ఖాళీ. ఆ గడి అలా కనిపిస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ మంట నాకు అంటించింది డాక్టర్ సలోమి మేడమ్.

మద్దిలపాలెంలోని ఇదే ల్యాబులో, కొత్త డాక్టరుగా ఆవిడ దగ్గర స్లైడ్లు చదవడం నేర్చుకున్నాను. పొట్టి మనిషి, ఎప్పుడూ నేత చీర. కోపం వస్తే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసేవారు. రోజులో చాలాసేపు అవి అక్కడే ఉండేవి. గర్భసంచి లోపొర గురించి ఆవిడ మొదటి పాఠం ఇది: "హార్మోను పై కణాలకి నేరుగా చెప్పదమ్మా. కింద ఉన్న కణాలకి చెబుతుంది. అవి విని, పెరుగుదల కారకాలు తయారుచేసి పైకి పంపితే అప్పుడు పై కణాలు చీలి రెండవుతాయి." నెలలో మొదటి సగం ఈస్ట్రోజెన్ చేయించే పని ఇది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టెరాన్ వచ్చి కింది కణాల నోరు మూయిస్తుంది, పైన చీలడం ఆగిపోతుంది. అందుకే చీలుతున్న కణాలు ఎనిమిదో రోజున కనిపిస్తే ఆరోగ్యం, ఇరవై రెండో రోజున కనిపిస్తే ఏదో తేడా. ఎన్నో రోజన్నది కచ్చితంగా తెలియాలంటే ఆ మనిషినే అడగాలి.

ఒక జూన్ నెలాఖరున భీమిలి నుంచి నూకాలమ్మ అనే ఆవిడ లోపొర ముక్క వచ్చింది. చేపలు అమ్ముకునే మనిషి, ముప్పై రెండేళ్లు. నడుంనొప్పి, తెల్లబట్ట అని వెళితే సంచి తీసేయాలన్నారట, లేకపోతే క్యాన్సరవుతుందని బెదిరించారట. ఆపరేషనుకి రోజు కూడా పెట్టేసి, మాట వరసకి ఈ పరీక్ష. తేదీ కోసం ఆ ఆసుపత్రికి ఫోన్ చేశాను. "ఎలాగూ తీసేత్తన్నాం కదండీ, తేదీతో పనేటి?" అని పెట్టేశారు. నా ముందు ఇంకా బోలెడన్ని స్లైడ్లున్నాయి. ముక్క తీసిన రోజు నుంచి ఇరవై రెండు రోజులు వెనక్కి లెక్కపెట్టి, ఆ గడిలో ఏదో ఒక తేదీ రాసేశాను. ఒక మనిషి ఒంటి గురించి అంత తేలిగ్గా రాసేశాను.

మర్నాడు మేడమ్ స్లైడు చూస్తూ చూస్తూ అద్దాలు పైకి తోశారు. "ఏటిది? కణాలు చీలుతున్నాయి. ఈ తేదీ నమ్మితే జబ్బని రాయాలి. కానీ ఇన్నాళ్లు ఆగకుండా పెరిగితే గ్రంథులు ఇంత చిన్నగా, తిన్నగా ఉండవు. ఎవరు చెప్పారు ఈ తేదీ?"

"నేనే వేశాను మేడమ్."

ఆవిడ అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "వాళ్లు అడగలేదు, అది బద్ధకం. నువ్వు ఆవిడ అనని మాట అన్నట్టు రాశావ్, అది దొంగసాక్ష్యం. ఆ సాక్ష్యం చూపించి ఆవిడ్ని బల్ల ఎక్కిస్తారు. లే, భీమిలి బస్సెక్కు. అడిగి రా."

బజారులో నూకాలమ్మ వంజరం ముక్కలు కోస్తూ కనిపించింది. పక్కన కూర్చుని చెవిలో అడిగాను. తడుముకోకుండా చెప్పింది. "ఏట బందు ఇప్పి పడవలు దిగిన దినం కదమ్మా. బయటున్నానని మా పడవకి పసుపు కుంకం ఎట్టడానికి ఒడ్డుకి ఎల్లనేదు. ఎలాగ మర్సిపోతాను? నన్నెవులూ అడగనేదు." చేపల వేట నిషేధం ఎత్తేసిన రోజు నాకూ తెలుసు. వేళ్ల మీద లెక్కపెడితే ముక్క తీసింది సరిగ్గా ఎనిమిదో రోజున. నూకాలమ్మ నా ముఖమే చూస్తోంది. "సంచి బాగుందేటమ్మా?" అంది.

"బాగుంది. తీయించుకోకు," అన్నాను.

రిపోర్టులో మేడమ్ స్వయంగా రాశారు, ఇది ఆరోగ్యమైన పొర, సంచి తీయడానికి ఇందులో ఏ కారణమూ లేదని. ఆ ఆసుపత్రి మాకు ముక్కలు పంపడం మానేసింది. "మానెయ్యనీ," అన్నారావిడ. ఆవిడ పోయి మూడేళ్లయింది.

ఆవకాయ సీసా తాలూకు స్లైడ్లు ఈ ఉదయం తయారయ్యాయి. సంచి గోడలో తేడా లేదు, ముఖద్వారంలో లేదు. లోపొరలో కణాలు చీలుతున్నాయి, గ్రంథులు చిన్నగా, తిన్నగా ఉన్నాయి. తేదీ కోసం ఫోన్ చేశాను.

"తీసేశాం కదండీ మేడమ్, ఇంక తేదీ ఎందుకు?" అంది నర్సు. అదే మాట, ఇన్నేళ్ల తర్వాత కూడా!

"ఫోన్ ఆవిడకియ్యి," అని అరిచాను.

మంచం మీంచి నీరసంగా ఒక గొంతు వచ్చింది. అడిగిన వెంటనే తేదీ చెప్పింది. ఆపరేషను నాటికి తొమ్మిదో రోజు, ఆ చీలడం మామూలే. ఆమె చెప్పింది చెప్పినట్టు గడిలో రాశాను. ఫోన్ పెట్టేయబోతుంటే, "అమ్మా, నా సంచి ఎలాగుందేటి?" అని అడిగింది.

ఆ గడిలో రాయని అబద్ధం ఆమెకి మాత్రం ఎలా చెప్పను?

"బాగుందమ్మా," అన్నాను.