నేను బజ్జీ తింటే చెల్లికి జరమొస్తాదా

మా చెల్లికి రక్తం జబ్బు. నా రక్తంలోంచి కొత్త రక్తం పుట్టించే స్టెమ్ సెల్స్ తీసి దానికి ఎక్కించి నెలైంది. అప్పట్నుంచి మా అవ్వ నాకూ పత్యం పెట్టింది. నేను తినేదంతా చెల్లి ఒంట్లోకి పోతాదంట. వంకాయ లేదు, ఊరగాయ లేదు.

ఈ రోజు చిత్తూరు బస్టాండులో ఆకలేసి రెండు మిరపకాయ బజ్జీలు తిన్నాను. ఇంటికొచ్చేసరికి ఆస్పత్రి నుంచి అమ్మ ఫోన్ చేసుండాది, చెల్లికి జరమంట. అవ్వ నన్ను చూసి "ఏం తినొచ్చినావురా?" అనింది. నేను మూతి తుడుచుకుంటా లోపలికి పోయినా.

సాయంత్రం ఆస్పత్రి నర్సక్క ఫోన్ చేసింది. సెల్స్ ఇచ్చినోళ్ళకి అప్పుడప్పుడూ చేస్తారు. నొప్పులుండాయా, నిద్ర పడతాందా అని అడిగింది. నేను బజ్జీ సంగతి చెప్పేసినా.

"నీ బజ్జీకీ పాప జరానికీ ఏం సంబంధమప్పా. నువ్విచ్చేసినావు, ఇంక అవి పాపవి. రేపేమైనా నీ తప్పు కాదు."

ఫోన్ స్పీకర్లో ఉండాది, పక్కనుంచి అవ్వ "ఆయమ్మకేం తెల్సు" అంటానే ఉండాది.

"సరే, ఎట్లుండాది?" అనింది నర్సక్క.

నెల నుంచి అందరూ చెల్లి గురించే అడిగినారు, నాకూ అదే అలవాటైపోయింది. "నూట ఒకటి ఉండాదంట అక్కా" అనేసినా.

"పాపకి కాదబ్బా, నీ మనసుకి."

బాగుండాను అని ఫోన్ పెట్టేసినా.

మనసుకి ఎట్లుండాదని అడిగితే మీరంతా ఏం చెప్తారు? నిజంగానే తెలీక అడుగుతాండా.