రాహేలు మేడం కల

పుదీనా కట్ట విప్పితే చాలు, నా వంటిల్లు మాయమై మా పాత బడి స్టాఫ్ రూమ్ కళ్లముందుకు వస్తుంది. అలియాబాద్ దాటాక రోడ్డు పక్కనే ఉండేది ఆ హైస్కూలు. హెడ్మిస్ట్రెస్ రాహేలు మేడం బోరింగు దగ్గర పెంచిన పుదీనాను చాయ్‌లో వేయించేవారు. ప్రార్థన గంటకు ముందు ఆ చాయ్ తాగుతూ మేమంతా రాత్రి వచ్చిన కలలు చెప్పాలి. అది ఆవిడ పెట్టిన ఆచారం. కలలో దేనికి భయపడ్డామో దాన్ని ఆ రోజే, మెలకువలో, అందరి ముందూ చేయాలి. మొదట్లో నాకిది ఉత్త పిచ్చిగా తోచింది.

రెండు వేల తర్వాతి సంవత్సరాలవి. ఆరో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం పెట్టమని ఆర్డరు వచ్చింది. మేమంతా తెలుగులో చదువుకున్నవాళ్లమే. ప్రైవేటు బడుల పసుపు బస్సులు మా కళ్లముందే పిల్లలను ఎక్కించుకుపోతున్నాయి. ఇంగ్లిష్ చెప్పకపోతే మిగిలినవాళ్లూ పోతారన్నది నిజం, చెప్పడం మాకు రాదన్నదీ నిజం. ఆ రెంటి మధ్యా మా నిద్రలు పాడయ్యాయి.

"రాత్రి కలల ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినోళ్లు ఇంగ్లిష్ల ఎక్కాలు చెప్పుమన్నరు మేడం. ఏడో ఎక్కం కాడ ఆగిపోయిన. మస్తు పరేషాన్ అయిన" అన్నారు ఒకరోజు లెక్కల నర్సింహారెడ్డి సారు. పొలాలూ మీసాలూ ఉన్న పెద్దమనిషి.

"అయితే ఇయ్యాల ప్రార్థనల పిల్లల ముంగట చెప్పుండ్రి సారూ" అన్నారు మేడం.

చెప్పారు. సరిగ్గా ఏడెనిమిదుల దగ్గరే ఆగారు. ముందు వరుసలోని పిల్లవాడు జవాబు అరిచాడు. సారు వాడికి సెల్యూట్ కొట్టారు. బడి బడంతా నవ్వింది, అందరికంటే గట్టిగా సారే నవ్వారు.

నాకు నవ్వే ఓపిక లేదు. నా కలలో నేను పాఠం చెప్పాలని నోరు తెరిస్తే మాట రాదు, పిల్లలు ఒక్కొక్కరే లేచి బయటికి వెళ్లిపోతారు. వారం రోజులు అదే కల. ఇక చదువు చెప్పడం నా వల్ల కాదనుకుని, మండల ఆఫీసులో డిప్యుటేషన్ ఇప్పించమని కాగితం రాసి మేడంకిచ్చాను. కల సంగతీ చెప్పాను.

ఆవిడ కాగితాన్ని హాజరు పుస్తకం కింద పెట్టారు. "రేపు పంపుత పద్మా. ఇయ్యాల ఆరో తరగతికి పోయి నోరిప్పకుండ నిలబడు. ఎంతమంది లేచిపోతరో సూద్దాం" అని, తానూ వచ్చి చివరి బెంచీ మీద కూర్చున్నారు.

ఆ రోజు పాఠానికి తెచ్చిన మందార పువ్వు చేత్తో పట్టుకుని నిలబడ్డాను. పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. లావణ్య అనే పిల్ల లేచింది. కల నిజమవుతోందనుకున్నాను.

"టీచర్, గొంతు పోయిందా? నీళ్లు తెస్త ఆగుండ్రి" అంటూ పరుగెత్తింది.

"మీరు సూపియ్యుండ్రి టీచర్, మేం చెప్తం" అన్నాడు ఇంకొకడు. నేను వేలు పెట్టి చూపించాను. రేకులు, కాడ, పుప్పొడి అని వాళ్లు అరుస్తుంటే ఒక్కొక్కదాని పక్కన ఇంగ్లిష్ మాట బోర్డు మీద రాశాను. గంట కొట్టేదాకా ఒక్కరూ కదల్లేదు. కళ్లనీళ్లు ఆపుకోవడం నా వల్ల కాలేదు.

"కాగితం పంపాల్నా?" అని అడిగారు మేడం, వరండాలో.

"వద్దు మేడం." నేనూ ఒకటి అడిగాను. "మీకు ఇట్లాంటి కలలు రావా?"

"ఎందుకు రావు బిడ్డా? గంట కొడుతనే ఉంట, ఒక్క పిల్ల రాదు. అందుకే పొద్దుగాల్నే వచ్చి గేటు కాడ నిలవడ్త."

ఆలస్యంగా వచ్చేవాళ్లను పట్టుకోవడానికే ఆవిడ అక్కడ నిలబడతారని మేమంతా అనుకునేవాళ్లం. పిల్లలేమో ఆవిడను చూసి హడలిపోయేవాళ్లు.

మేడం రిటైరై, తర్వాత కాలం చేశారు. ఇప్పుడు ఇంకో బడికి నేను హెడ్మిస్ట్రెస్‌ను. ఆవిడ ధైర్యం నాకు వచ్చిందని చెప్పుకోలేను గానీ, ఆవిడ కల మాత్రం వచ్చింది. అది వచ్చిన పొద్దున అందరికంటే ముందే బయలుదేరతాను. మలుపులో మొదటి పిల్ల సంచీ కనబడేదాకా గేటు దగ్గర నా కాలు ఒకచోట నిలవదు.